కారు కవరు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ వెండి రంగు కారు కవరు గారికి,

తిరుపతి కొర్లగుంటలో వేపచెట్టు కింద నువ్వు కప్పుకోనుండే తెల్ల కారు ఓనరు రాసేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, కారు క్షేమమో కాదో నిన్ను తీస్తే గానీ తెలీదు, తీసే ఓపిక లేకనే ఈ లెటరు.

నీ ప్యాకెట్టు మీద బొమ్మ ఇంకా గుర్తుండాది నాకు, మంచుకొండల మధ్యలో కారు, దాని మీద నువ్వు, పక్కన దొర నవ్వతా నిలబడుకోనుండాడు. ఆల్ వెదర్ అని పెద్దక్షరాలు. ఆ ఆల్‌లో తిరుపతి నవంబరు ఉండాదా అని ఎవురూ అడగలా. మా చిన్నాయన కొడుకు మిషిగన్‌లో ఉంటాడు, వాడు చెప్పేదేమంటే అక్కడ రాత్రంతా స్నో పడినా పొద్దున్నే నీలాంటోన్ని ఒక్క గుంజు గుంజితే అద్దం గీక్కునే పని తప్పుతాదంట, ఆ మటుకు మేలే, కానీ తడి కారు మీద కప్పినాక ఆ తడి గడ్డకట్టిందంటే నువ్వు పెయింటుకి అతుక్కోని రానే రావంట, రోడ్ల మీద చల్లే ఉప్పు బాడీకి అంటుకోనుండగా కప్పితే తుప్పుకి పరుపేసి దుప్పటి కప్పినట్టేనంట. సరే, అది వాళ్ల తిప్పలు. మాకు స్నో లేదు, రోడ్డు మీద ఉప్పూ లేదు.

మాకుండేది వాన. పైజిల్లాలోళ్లంతా జూన్, జులైలో తడిసి ఆరిపోయినాక మాకు ఈశాన్య రుతుపవనాలతో అసలు కత మొదలవతాది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో అనడం పాపం, పిల్లోళ్లు స్కూలు లీవు కోసం ఫోన్లు పట్టుకోని కూర్చుంటారు. 2021 నవంబరు వానల్లో కపిలతీర్థం పక్క కొండమింద నీళ్లన్నీ ఊర్లోకి దిగి రోడ్లే ఏర్లయినాయి. కవరుండేది పైన, నీళ్లు వచ్చింది కింద. అప్పుడు నువ్వేం పీకుతావు సామీ?

అంత పెద్ద వాన లేనప్పుడైనా పని చేస్తావా అంటే అదీ లేదు. వాటర్‌ప్రూఫ్ అంటావు, కుట్లకాడ కారతావు. కారిన నీళ్లని మళ్లీ బయటికి పోనియ్యవు. నేల తడి ఆవిరై కిందనుంచి పైకొస్తాది, నీ ప్లాస్టిక్ పూత లోపలే ఆగిపోతాది, పొద్దెక్కినాక ఎండ తగిలేసరికి లోపల ఇడ్లీలు ఉడికేంత ఆవిరి. ఇనుముకి తుప్పు పట్టేకి తడీ గాలీ రెండూ కావాల, ఎంతసేపు తడిగా ఉంటే అంత మంచిది దానికి. ఎదురింటాయన కారుకి కవరే లేదు, రాత్రి కురిసిన మంచు దాని మీద ముత్యాల మాదిరి ఉంటాది, తొమ్మిదికల్లా ఎండకి ఆరిపోతాది. నాది మధ్యాహ్నం అన్నం టైముకి కూడా తడే.

నీ పక్షాన ఒక మాట చెప్పాల్నంటే, ఆకాశం తేటగా ఉండే రాత్రి కారు టాప్ రేకు వేడంతా పైకి వదిలేసి గాలి కంటే చల్లబడతాది, అందుకే ఆడ మంచు పట్టేది, నువ్వుంటే ఆ మంచు నీ మీద పడతాది, పెయింటు మీద పడదు. ఒప్పుకుంటా. కాకి రెట్ట, వేపచెట్టు జిగురు కూడా నీ మీదే. కానీ దానికి నువ్వు వసూలు చేసేది శానా ఎక్కువప్పా. గాలొస్తే టపటపా కొట్టుకుంటావు, నీ కింద ఇసుక, దుమ్ము ఉంటే పెయింటంతా సన్న గీతలు. అందుకే కప్పే ముందు కారు కడిగి ఆరబెట్టాలంటారు. రోజూ కడిగి ఆరబెట్టేవోడికి నువ్వెందుకు?

ఎలకల సంగతి ఎత్తనే ఎత్తను. వేడి బానెట్టు, పైన నీ చాటు, లోపల వైర్లు. మెకానిక్కు నీకు దండం పెట్టుకుంటాడు.

ధనుర్మాసం వచ్చిందంటే ఇంకో పంచాయితీ. కొండమింద సుప్రభాతానికి బదులు తిరుప్పావై, కింద మా ఇంట్లో మద్రాసు చుట్టాలు. తిరుపతిలో ఇల్లుండే పాపానికి చీకట్నే లేచి వాళ్లని కొండకి తీసకపోవాల. చలిలో నీ బకిల్స్ ఇప్పి, సగం నీళ్లు నా పంచ మీదికి ఒంపుకోని, తడి నిన్ను యాడ పెట్టేదో తెలీక డిక్కీలో కుక్కితే, అలిపిరి చెకింగ్‌లో డిక్కీ తెరిచిన సెక్యూరిటీ అన్న రెండడుగులు వెనక్కి పోయి, పోన్నా పో అనినాడు. చెకింగ్ అంత తొందరగా అయిపోయింది మాత్రం నీ పుణ్యమే. ఇంకో పుణ్యం కూడా ఉండాది, నువ్వు కప్పుకోనుంటే కారు రిపేరులో ఉందని కొందరు చుట్టాలు అడక్కుండానే బస్సెక్కుతారు. కంపెనీవోళ్లు ఈ ఫీచరు ప్యాకెట్టు మీద ఎందుకు వేయలేదో.

కాబట్టి సంక్రాంతి దాకా నీకు లీవు. కారు బయటే ఉంటాది, మంచు పడితే గుడ్డతో తుడుస్తా, కాకి రెట్టేస్తే ఎండకముందే నీళ్లు పోసి తీస్తా, నెలకోసారి వ్యాక్స్ పూస్తా. వారాల తరబడి ఊరికి పోయేది ఉంటే, అదీ వాన లేకుంటే, శుభ్రంగా కడిగిన కారు మీద గాలాడే మెత్తటి కవరు ఒకటి కప్పుతాం, అది నువ్వు కాదు. దుకాణంలో తక్కువకి వస్తాందని నిన్ను ఎత్తుకొచ్చింది మా బామ్మర్ది, వాడికి ఈ లెటరు చూపించొద్దు.

భోగి మంటలో వేస్తారని భయపడొద్దు, పాలిస్టరు కాలిస్తే వీధంతా కంపు. మా మేడమింద అత్త చింతపండు ఎండేసేకి అడుగుతాండాది నిన్ను. ఇస్తాలే గానీ, డిక్కీ సంగతి ఆమెకి ముందే చెప్పాల్నా, సెక్యూరిటీ అన్న మాదిరి ఆమే తెలుసుకుంటాదా?

ఇట్లు,
నీ కింద కారున్నవాడు