గోల్స్ లేని స్టార్: జీతం ఎవరిది, దెబ్బ ఎవరిది?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో డెరెక్ బూగార్డ్ ఆడినవి 277 మ్యాచ్‌లు, కొట్టినవి మూడే గోల్స్. రెండో గోల్ తర్వాత మూడోది పడటానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. అయినా 2010లో న్యూయార్క్ రేంజర్స్ నాలుగేళ్లకు 65 లక్షల డాలర్లకు అతన్ని తీసుకుంది. గోల్స్ కోసం కాదు మరి. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. తమ స్టార్ ఆటగాడి జోలికి ఎవడైనా వస్తే గ్లవ్స్ విసిరేసి వాడి సంగతి చూడటమే ఉద్యోగం. ఇలాంటివాళ్లను ఎన్‌ఫోర్సర్లు అంటారు.

2006 అక్టోబర్‌లో, అప్పటికి మిన్నెసోటా వైల్డ్‌కు ఆడుతున్న బూగార్డ్, అనాహైమ్ ఆటగాడు టాడ్ ఫెడొరుక్‌తో తలపడ్డాడు. ఒక్క గుద్దుకు ఫెడొరుక్ చెంప ఎముక నుజ్జయింది, డాక్టర్లు లోహపు ప్లేట్లు వేసి సరిచేయాల్సి వచ్చింది. ఆ మరుసటి సీజన్లో అదే ఫెడొరుక్ వచ్చి బూగార్డ్ జట్టులోనే చేరాడు! బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ, వాళ్లకది పగ కాదు, డ్యూటీ.

'హాకీ అంటేనే కొట్లాట' అనే వాదన నాకు మింగుడుపడదు. ఒలింపిక్స్‌లో కొట్లాటకు దిగితే మ్యాచ్ నుంచే పంపించేస్తారు, అందుకే అక్కడ ఎన్‌ఫోర్సర్‌కు పనే ఉండదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో శిక్ష ఐదు నిమిషాలు. కొట్టుకున్న ఇద్దరూ వెళ్లి పెనాల్టీ బాక్సుల్లో కూర్చుంటారు, వాళ్ల స్థానంలో వేరేవాళ్లు దిగుతారు, ఆట ఐదుగురికి ఐదుగురితో సాగిపోతుంది. జట్టుకు నష్టం సున్నా, ప్రేక్షకులకు ఈలలు వేసే ఛాన్స్. దెబ్బలు మాత్రం ఆ ఇద్దరివే. ఈ ఏర్పాటు లీగ్ చేసిందే.

2010 డిసెంబర్ 9న ఒటావాతో మ్యాచ్‌లో జరిగిన కొట్లాటలో బూగార్డ్ తలకు దెబ్బ తగిలింది. మళ్లీ బరిలోకి దిగలేదు. 2011 మే 13న మద్యం, ఆక్సికోడోన్ అనే నొప్పి మాత్రలు కలిసి ప్రాణం తీశాయి. వయసు 28. తర్వాత బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు అతని మెదడును పరీక్షిస్తే, తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే సీటీఈ వ్యాధి బయటపడింది. అదే వేసవిలో రిక్ రిపీన్, వేడ్ బెలాక్ కూడా చనిపోయారు. వాళ్లూ కొట్లాటలతో పేరు తెచ్చుకున్నవాళ్లే. అయితే ముగ్గురినీ ఒకే గాటన కట్టడం సరికాదు, ఎవరి బాధ వాళ్లది.

ఇప్పుడు ఆ తరం ఎన్‌ఫోర్సర్లు దాదాపు కనిపించరు. లీగ్ మనసు మారిందనుకుంటే పొరపాటే. 2005 నుంచి ఒక్కో జట్టు ఇచ్చే మొత్తం జీతాలకు పరిమితి వచ్చింది, కొత్త రూల్స్‌తో ఆట వేగం పెరిగింది. మ్యాచ్‌కు ఐదారు నిమిషాలు ఆడేవాడికి చోటివ్వడం దండగ అనిపించింది, అంతే. తలగాయాల కేసులో 2018లో వందలాది మాజీ ఆటగాళ్లతో 1.89 కోట్ల డాలర్లకు రాజీపడినప్పుడు కూడా లీగ్ తన తప్పు ఒప్పుకోలేదు. కెనడాలోని క్విబెక్ జూనియర్ లీగ్ 2023లో కొట్లాటకు దిగినవాడిని మ్యాచ్ నుంచి పంపేయాలని నిర్ణయించింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో మాత్రం శిక్ష ఇప్పటికీ అదే ఐదు నిమిషాలు.