ద్విచక్ర స్థిరాస్తి

ఇటలీలో వరేసే సరస్సు ఒడ్డున స్కిరాన్నా అనే చోట ఎం.వి. అగుస్తా వారి కర్మాగారం ఉంది. 2018 నవంబరులో మిలాన్ నగరంలో జరిగిన వాహనాల ప్రదర్శనలో ఆ కంపెనీ ‘బ్రుతాలే 1000 సెరీ ఓరో’ అనే బండికి ముసుగు తీసింది. సెరీ ఓరో అంటే బంగారు శ్రేణి. ప్రపంచం మొత్తానికి 300 బండ్లే చేస్తామన్నారు. ఒక్కొక్కటి 40 వేల యూరోల పైమాట. ఆనాటి నుంచి లోకం దానిని మోటారుసైకిలు అని పిలుస్తూ పొరపాటు చేస్తున్నది. దానిని సవినయంగా సరిదిద్దడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కదిలేవి చరాస్తులు, కదలనివి స్థిరాస్తులు అని చట్టం ఆస్తిని రెండుగా విడదీసింది. చక్రాలున్నాయి కనుక ఇది చరాస్తి అని ఎవరైనా వాదించవచ్చు. గుడి రథానికీ చక్రాలున్నాయి. అయితే అది ఏడాదికి ఒక్కరోజైనా కదులుతుంది. సెరీ ఓరో కొన్నవారికి ఆ ఒక్కరోజు కూడా నష్టమే, ఎందుకంటే ఓడోమీటరులో పెరిగిన ప్రతి కిలోమీటరూ మళ్ళీ అమ్మేటప్పుడు ధరలో తరుగుగా తేలుతుంది. ఇటువంటి బండ్లను కూడబెట్టేవారిని ఇంగ్లీషులో కలెక్టర్లంటారు. మన జిల్లా కలెక్టరుకూ వీరికీ ఒకటే పోలిక. సొంత బండిని సొంత చేత్తో నడపవలసిన అగత్యం ఇద్దరికీ ఉండదు.

ఇక ఆ బండి నిర్మాణాన్ని శ్రద్ధగా పరిశీలిస్తే, ఇది కదలకుండా ఉండటానికి ఇంజనీర్లు ఎంత కష్టపడ్డారో బోధపడుతుంది. 998 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 13,000 చుట్ల దగ్గర 208 గుర్రాల బలం ఇస్తుంది. అంత వేగంగా తిరిగేటప్పుడు పిస్టన్లను ఇరుసుకు కలిపే ఉక్కు కనెక్టింగ్ రాడ్ల బరువు భారమవుతుందని వాటిని టైటానియంతో చేశారు. చక్రాలు తేలికగా ఉంటేనే బండి చురుగ్గా తిరుగుతుందని వాటిని కార్బన్ ఫైబరుతో చేశారు. ఇలా గ్రాము గ్రాము తగ్గించుకుంటూ వచ్చి, పెట్రోలు పోయకముందు మొత్తం బరువును 190 కిలోలకు లోపే ఆపారు. ఈ తపస్సు ఫలితం ఏమిటంటే, పనిమనిషి కింద తుడవడానికి వచ్చినప్పుడు బండిని పక్కకు జరపడం ఎంతో సులువు.

రేడియేటరుకు ఇరువైపులా చిన్న రెక్కలు అమర్చారు. 300 కిలోమీటర్ల వేగంలో గాలి ముందు చక్రాన్ని పైకి లేపకుండా అవి నేలకు అదిమిపెడతాయి. హాల్లో సీలింగ్ ఫ్యాను అయిదో నంబరు మీద తిరుగుతున్నప్పుడు ఈ భద్రత ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. నిలిచిన చోటి నుంచి బాణంలా దూసుకుపోవడానికి లాంచ్ కంట్రోల్ కూడా ఉంది. నిలిచి ఉండటం వరకు అది ఇప్పటికే నిర్దుష్టంగా పనిచేస్తున్నది. మిగిలిన సగం పనిని పరీక్షించిన యజమాని ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఈ రకం బండిని రోడ్‌స్టర్ అంటారు. ఆ మాట మీద కొందరికి అభ్యంతరం ఉండవచ్చు. పేరులో రోడ్డున్నది, బండి రోడ్డు మీద లేదు. పేరులో నేతి ఉన్నా బీరకాయలో నేయి వెతకని జాతి మనది కనుక ఆ చర్చ అనవసరం. నిజానికి రోడ్‌స్టర్‌కు ముందు తొడుగు ఉండదు. నడిపేవాడి రొమ్ముకు గాలి తగులుతుందేమో కాని, సోఫాలో కూర్చున్నవాడికి ఇంజను అడ్డం లేకుండా కనబడుతుంది. ఆ దృష్టితో చూస్తే ఇంతకన్నా ప్రయోజనకరమైన నిర్మాణం మరొకటి లేదు.

కదలని బండికి ఖర్చుండదని అనుకోవద్దు. నిలవ ఉన్న పెట్రోలు చెడిపోతుంది. ఒకేచోట బరువు మోసిన టైరు అక్కడే చదునవుతుంది, కాబట్టి బండిని స్టాండు మీద పైకెత్తి ఉంచాలి. వాడని బ్యాటరీ నీరసపడుతుంది గనుక గోడలోని ప్లగ్గు నుంచి తీగ లాగి దానికి పగలూ రాత్రీ కరెంటు ఎక్కిస్తుండాలి. 208 గుర్రాలు సెలైను సీసా పెట్టించుకుని పడుకున్న ఆ దృశ్యం ముందు చెప్పులు విప్పి నిలబడాలనిపిస్తుంది.

పరిమిత సంఖ్య అనే సిద్ధాంతం గురించి రెండు మాటలు. సెరీ ఓరో తరువాత అదే ఇంజనుతో బ్రుతాలే 1000 ఆర్ఆర్ వచ్చింది, దానికి సంఖ్యాపరిమితి లేదు. ఆ పైన రష్ 1000 వచ్చింది, అది 300. జర్మనీలోని పందెపు బాట నుర్బుర్‌గ్రింగ్ పేరుతో ఒకటి వచ్చింది, అది 150. సూపర్‌వెలోచే ఆల్పీన్ అనేది వచ్చింది, అది 110, అవయితే గంటల్లో అమ్ముడుపోయాయి. దాదాపు ప్రతి బండికీ పరిమితి ఉంది, పరిమిత బండ్లకు మాత్రం లేదు.

ఈ కథలో నిజమైన చరాస్తి ఏదైనా ఉంటే అది కంపెనీయే. 2008లో అమెరికా హార్లీ-డేవిడ్‌సన్ దానిని సుమారు 109 మిలియన్ డాలర్లకు కొన్నది. రెండేళ్ళు తిరగకముందే పాత యజమాని క్లాడియో కాస్తిల్యోనీకి నామమాత్రపు ధరకు అప్పగించింది. తరువాత జర్మనీ మెర్సిడెస్-ఏఎంజీ ఒక వాటా తీసుకున్నది. రష్యా సర్దారోవ్ కుటుంబం వచ్చింది. ఆస్ట్రియా కేటీఎం వచ్చి వెళ్ళింది. కొనుగోలుదారుల ఇళ్ళలోని బండ్లన్నీ కలిసి తిరిగిన దూరం కన్నా వాటాపత్రాలు తిరిగిన దూరమే ఎక్కువేమో.

ఇంత ఉన్నత స్థితికి చేరిన ఈ వంశం పుట్టుక మాత్రం చాలా సామాన్యమైనది, చెప్పడానికే కొంచెం సిగ్గు. అగుస్తా కుటుంబానిది విమానాల వ్యాపారం. యుద్ధంలో ఓడిన ఇటలీ విమానాలు చేయరాదన్న ఆంక్ష రావడంతో, 1945లో దొమెనికో అగుస్తా ప్రభువు వెర్గేరాలో మోటారుసైకిళ్ళ కంపెనీ పెట్టాడు. మొదటి బండి 98 సీసీలది. దానికి వెస్పా అని పేరు పెట్టబోతే ఆ పేరు అప్పటికే వేరొకరు నమోదు చేసుకున్నారట. చితికిపోయిన దేశంలో కూలికీ కొలువుకూ వెళ్ళే జనం దానిని ఎక్కి తిరిగారు, బురదలో తొక్కారు, అరిగేదాకా వాడారు. అవి ఎంత విలువైనవో వారికి తెలియదు పాపం.

అంతకన్నా దుర్వినియోగం పందేల్లో జరిగింది. 1958 నుంచి 1974 దాకా వరసగా 17 ఏళ్ళు 500 సీసీల ప్రపంచ విజేత ఎం.వి. అగుస్తా మీదే గెలిచాడు. ఇటలీ రేసరు జకోమో అగోస్తీనీ తన 15 ప్రపంచ టైటిళ్ళలో 13 ఈ బండ్ల మీద సాధించాడంటే, ఎన్ని ఓడోమీటర్ల విలువను మంటగలిపి ఉంటాడో లెక్క వేసుకోవచ్చు. పోనీ, అది కుర్రతనం అనుకుందాం. ఏడు పదులు దాటాక కూడా ఆయన పాత బండ్ల వేడుకల్లో తోలుబట్టలు తొడుక్కుని, పాత ఎం.వి.ని స్టార్టు చేయించి, చెవులు చిల్లులు పడే మోతతో చుట్లు కొట్టాడు. దిగేటప్పుడు నవ్వుతున్నాడు కూడా. మళ్ళీ అమ్మేటప్పుడు ఎంత తరుగు తీస్తారో ఆ పెద్దాయనకు ఎవరూ చెప్పినట్టు లేరు.