ఇన్‌స్టాల్ అంటే ఎఫ్11 నొక్కడం ఒక్కటే కాదు సార్

ఇప్పుడే కాల్ కట్ చేశాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాల్‌లో క్లయింట్ ఉన్నాడు, స్టోరేజ్ వాళ్లున్నారు, నెట్‌వర్క్ వాళ్లున్నారు. అందరి ముందూ మా ప్రాజెక్ట్ మేనేజర్ అడిగిన మాట ఇది: "ఒక్క బ్లేడ్‌లో హైపర్‌వైజర్ ఇన్‌స్టాల్ చేయడానికి ఇంతసేపా? యూట్యూబ్‌లో 20 నిమిషాల్లో చేసి చూపిస్తున్నారు కదా!"

హైపర్‌వైజర్ అంటే ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మిషన్లను (సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లను) నడిపించే సాఫ్ట్‌వేర్ పొర; బ్లేడ్ అంటే ఛాసిస్ అనే పెద్ద పెట్టెలోకి తోసే పలుచటి సర్వర్. యూట్యూబ్‌లో చేసి చూపించేది ల్యాప్‌టాప్‌లో సార్. వర్చువల్ మిషన్ లోపల ఇంకో హైపర్‌వైజర్ పెట్టి చూపిస్తారు. అక్కడ డిస్కు ఒకటే, నెట్‌వర్క్ కార్డు ఒకటే, తేడా వస్తే డిలీట్ కొట్టి మళ్లీ మొదలుపెడతారు. మా ముందున్నది ర్యాక్‌లో 10యూ (యూ అంటే ర్యాక్ ఎత్తు కొలత) ఎత్తున కూర్చున్న ఛాసిస్. హాఫ్ హైట్ బ్లేడ్లయితే 16 పడతాయి. వాటిలో సగం మీద ఈ క్షణాన ఎవరి జీతాల సాఫ్ట్‌వేరో, ఎవరి బిల్లింగో నడుస్తోంది. కరెంటు, ఫ్యాన్లు, నెట్‌వర్క్ మాడ్యూల్స్, స్టోరేజ్ దారి, అన్నీ ఆ బ్లేడ్లన్నిటికీ ఉమ్మడి. అందులో ఒక ఖాళీ స్లాట్‌లో కొత్త బ్లేడ్ తోసి, పక్కవాటికి ఏమీ కాకుండా దాన్ని నిలబెట్టాలి. మీరు చూసిన వీడియోతో దీన్ని కొలవడమంటే, పెళ్లిలో వడ్డన చూసి వంటకు ఎంతసేపు పట్టిందో లెక్కకట్టినట్టే.

అసలు ఆ ఇన్‌స్టాలర్ తెరల్లో ఏముందో చెప్తాను, అందరికీ అర్థమవుతుంది. వీఎంవేర్ కంపెనీ హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్‌ఐ తీసుకోండి. ఎంటర్ కొట్టాలి, లైసెన్స్ ఒప్పందానికి ఎఫ్11, డిస్కు ఎంచుకోవాలి, కీబోర్డు యూఎస్ డిఫాల్ట్, రూట్ పాస్‌వర్డ్, మళ్లీ ఎఫ్11. అంతే. ఇది ఎవరైనా చేస్తారు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడూ చేస్తాడు. మాకు జీతమిచ్చేది ఆ ఎఫ్11 నొక్కినందుకు కాదు. అది నొక్కే ముందు చేసే పనికి, డిస్కు ఎంచుకునే ఆ ఒక్క తెర దగ్గర చెయ్యి ఆగినందుకు.

ముందు చేసే పని ఏంటంటారా? బ్లేడ్‌కి డీవీడీ డ్రైవ్ ఉండదు. మామూలు సర్వర్‌లా వెనక మానిటర్ తగిలించే పోర్టు ఉండదు. ముందు వైపు ప్రత్యేకమైన కేబుల్ ఒకటి గుచ్చితే గానీ స్క్రీన్, కీబోర్డు రావు, ఆ కేబుల్ ఎవరి డ్రాయర్‌లో ఉంటుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఐలో లాంటి రిమోట్ కన్సోల్‌లోనే (దూరం నుంచి సర్వర్ తెర చూపించేది) పని. ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైల్‌గా ఉన్నది) వర్చువల్ మీడియాగా మౌంట్ చేయాలి, అంటే బ్లేడ్‌కి డిస్కు పెట్టినట్టు కనిపించేలా తగిలించాలి. కూకట్‌పల్లిలో ఇంట్లో కూర్చుని, వీపీఎన్ మీద, ల్యాప్‌టాప్‌లోని ఐఎస్ఓ మౌంట్ చేస్తే ఏమవుతుందో చేసినవాళ్లకే తెలుసు. తెర మీద లోడింగ్ లైన్లు ఒక్కొక్కటే దిగుతాయి, ఎస్.వి00 అనే ఫైల్ దగ్గరికొచ్చి అక్కడే నిలబడిపోతుంది. ఆ లైను కిందికి జరుగుతుందా లేదా అని కళ్లు కాయలు కాసేలా చూడాలి. మధ్యలో వైఫై ఒక్కసారి తెగిందా, మళ్లీ మొదటి నుంచి. అందుకే డేటా సెంటర్ లోపలే ఒక సర్వర్‌లో ఐఎస్ఓ పెట్టి అక్కడి నుంచి మౌంట్ చేయనివ్వండి అని అడుగుతున్నాం. సెక్యూరిటీ అనుమతి కావాలన్నారు. ఆ అనుమతి ఎవరు ఇవ్వాలో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఇక ఏ ఐఎస్ఓ అన్నది ఇంకో కథ. 2020లో వచ్చిన ఈఎస్‌ఎక్స్‌ఐ 7.0 నుంచి పాత లైనక్స్ ఆధారిత డ్రైవర్లను పూర్తిగా తీసేశారు. బ్లేడ్‌లోని మెజ్జనైన్ కార్డుకు (లోపల అదనంగా తగిలించే నెట్‌వర్క్ కార్డు) తగిన డ్రైవర్ ఇమేజ్‌లో, అంటే ఆ ఐఎస్ఓలో, లేకపోతే ఇన్‌స్టాలర్ 'నో నెట్‌వర్క్ అడాప్టర్స్' అని ముఖం మీదే చెప్పి ఆగిపోతుంది. అందుకే సర్వర్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే కస్టమ్ ఇమేజ్ వాడాలి. అది ఛాసిస్ ఫర్మ్‌వేర్‌తో, కార్డు ఫర్మ్‌వేర్‌తో పొసుగుతుందో లేదో కంపాటబిలిటీ లిస్టులో వెతికి చూడాలి. ఈ వెతకడానికే పూట పడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చుని పేజీలు చదువుతుంటే పని చేస్తున్నట్టు కనిపించదు, అదీ మా ఖర్మ.

బూట్ డిస్కు సంగతి అడగండి. పాత బ్లేడ్లలో లోపల చిన్న ఎస్‌డీ కార్డు పెట్టి దాని మీదే హైపర్‌వైజర్ నడిపేవాళ్లం. 7.0 వచ్చాక బూట్ డివైస్ మీద రాతలు పెరిగాయి, ఆ కార్డులు తట్టుకోలేక చచ్చిపోవడం మొదలైంది. 7.0 అప్‌డేట్ 3 నుంచి ఒక్క ఎస్‌డీ కార్డు మీదే నడపడం ఇక వద్దన్నారు, కనీసం 32 జీబీ ఉన్న మంచి డిస్కు ఉండాలన్నారు. ఇది నా అభిప్రాయం కాదు, తయారుచేసినవాళ్ల మాట. అదే మాట మెయిల్‌లో రాస్తే మా మేనేజర్ ఏమన్నారో తెలుసా? "కార్డు ఇప్పుడు పనిచేస్తోంది కదా, డిస్కులకు బడ్జెట్ లేదు." అదే క్వార్టర్‌లో నోవోటెల్‌లో టీమ్ డిన్నర్‌కి బడ్జెట్ ఉంది. ఆ డిన్నర్‌కి మా షిఫ్ట్ వాళ్లను పిలవలేదు, మేం డ్యూటీలో ఉన్నాం.

బయోస్‌లో వీటీ-ఎక్స్ (వర్చువలైజేషన్‌కు ప్రాసెసర్‌లో ఉండే సౌకర్యం) ఆన్ చేసి ఉందా లేదా ముందే చూడాలి. లేకపోతే ఇన్‌స్టాలర్ వార్నింగ్ ఇస్తుంది, అది వార్నింగే కదా అని ఎంటర్ కొట్టి వెళ్లిపోతారు. ఇన్‌స్టాల్ అయిపోతుంది కూడా. తీరా 64 బిట్ మిషన్ ఆన్ చేయబోతే అది లేవదు. మళ్లీ రీబూట్, బ్లేడ్ తన మెమరీ అంతా లెక్కపెట్టుకుని పైకి లేచేదాకా ఎదురుచూపు.

అంతా అయ్యాక మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్. ఎఫ్2 కొట్టి ఐపీ, వీలాన్ (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) నంబరు ఇచ్చి టెస్ట్ చేస్తే గేట్‌వే పింగ్ అవదు. నెట్‌వర్క్ టీమ్‌ని అడిగితే వచ్చే జవాబు ఈ హైదరాబాద్‌లో ఏ కంపెనీకి వెళ్లినా ఒకటే: "మా వైపు అంతా బాగానే ఉంది." చూస్తే ఛాసిస్ పైన స్విచ్ ట్రంక్‌లో (చాలా వీలాన్‌లు వెళ్లే లింకులో) ఆ వీలాన్ అనుమతించే ఉండదు. సరిచేశాక "ఇప్పుడు చూడండి" అంటారు, అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడరు. ఆ గంటా గంటన్నరా మాత్రం ఇన్‌స్టాలేషన్ ఆలస్యం కింద మా ఖాతాలోనే పడుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ 20 నిమిషాల మాట నాకు కొత్త కాదు. ఆ మాట వల్ల ఒక పిల్లాడి ఉద్యోగం పోయింది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట జరిగింది, అది మర్చిపోలేకే ఇవాళ నాకింత కోపం.

ఆ అబ్బాయిది నల్గొండ దగ్గర పల్లెటూరు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక హాస్టల్‌లో ఉండి కోర్సు చేశాడు. థర్డ్ పార్టీ పేరోల్ మీద (జీతం వేరే కంపెనీ ద్వారా) మా టీమ్‌లోకి వచ్చాడు. ఏది చెప్పినా నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఆ రాత్రి కొత్త బ్లేడ్‌లో ఇన్‌స్టాల్ చేయమని వాడికి అప్పగించారు. స్టోరేజ్ జోనింగ్ (ఏ సర్వర్‌కి ఏ స్టోరేజ్ కనిపించాలో కలపడం) ముందే అయిపోయింది, అంటే ఆ బ్లేడ్‌కి క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో) నడుస్తున్న ప్రొడక్షన్ లన్‌లు (అసలు డేటా ఉన్న ఉమ్మడి స్టోరేజ్ డిస్కులు) కూడా కనిపిస్తున్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాటిని కనిపించకుండా చేయాలి, పని అయ్యాక మళ్లీ ఇవ్వాలి. ఈ రంగంలో అందరికీ తెలిసిన జాగ్రత్త ఇది. "అన్నా, జోనింగ్ తీయించి చేద్దామా?" అని వాడే అడిగాడు. అడిగింది నా ముందే. దానికి స్టోరేజ్ టీమ్‌కి వేరే చేంజ్ టికెట్ వేయాలి, ఆమోదానికి రెండు రోజులు పడుతుంది. "వద్దు, 20 నిమిషాల పనికి రెండు రోజులేంటి, కానిచ్చేయ్" అన్నారు పైన ఉన్నాయన.

బ్లేడ్‌లోని రెండు లోకల్ డిస్కులకు రేడ్ చేసి (రెండిటినీ జతకలిపి) లాజికల్ వాల్యూమ్ (ఒకే డిస్కులా కనిపించేది) తయారుచేయాల్సింది హార్డ్‌వేర్ వాళ్లు. చేయలేదు. చేసేశామని టికెట్ మూసేశారు. దాంతో ఇన్‌స్టాలర్ జాబితాలో లోకల్ డిస్కు కనిపించనే లేదు, కనిపించినవన్నీ లన్‌లే. డేటాస్టోర్ (వర్చువల్ మిషన్ల ఫైళ్లు ఉండే చోటు) ఉన్న డిస్కు పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది. తెల్లవారుజామున, ఒక్కడే, పక్కన అడగడానికి మనిషి లేడు, ఫోన్‌లో మేనేజర్ "అయిందా బాబూ, అయిందా" అని ప్రాణం తోడేస్తున్నాడు. డిస్కును మళ్లీ పార్టిషన్ చేస్తానని ఆఖరి తెరలో హెచ్చరిక వచ్చింది. కొత్త బ్లేడ్ కదా, ఆ హెచ్చరిక ఎలాగూ వస్తుందనుకున్నాడు. ఎఫ్11 నొక్కాడు.

ఆ డేటాస్టోర్ మీదున్న మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోయాయి. బ్యాకప్ నుంచి తేవడానికి మేమంతా ఇళ్లకు పోకుండా కూర్చున్నాం. ఆర్‌సీఏ, అంటే అసలు కారణమేంటో చెప్పే నివేదిక, రాశారు. అందులో కారణం: మానవ తప్పిదం. జోనింగ్ తీయొద్దన్న ఆ మనిషి పేరు లేదు. రేడ్ చేయకుండానే టికెట్ మూసిన టీమ్ పేరు లేదు. రెండు రోజుల ఆమోదం గురించి ముక్క లేదు. వాడు ముందే అడిగాడని నేను మీటింగ్‌లో చెప్పాను, "అది చాట్‌లో ఉందా?" అన్నారు. నోటితో అడిగిన మాట చాట్‌లో ఎక్కడుంటుంది? వారం తిరక్కుండా వాడి ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నారు. పర్మనెంట్ ఉద్యోగి అయితే ఇంత సులువుగా పంపేవాళ్లా? థర్డ్ పార్టీ పేరోల్ పెట్టుకునేదే ఇందుకు. పని మా దగ్గర, బ్యాడ్జి వేరే రంగు, నెత్తిన వేయడానికి తల మాత్రం సిద్ధంగా ఉండాలి.

దానికి తోడు "అమీర్‌పేట బ్యాచ్ కదా, ఇంతే" అని ఒకాయన నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. అమీర్‌పేటలో నేర్పేది ల్యాప్‌టాప్ లోపల మిషన్ల మీదే, నిజమే. మరి ఆరు పవర్ సప్లైలు, పది ఫ్యాన్లు ఉండే ఛాసిస్ ఏ ఇన్‌స్టిట్యూట్ కొనిపెట్టి నేర్పుతుంది? దాని మోతకు పక్క బిల్డింగ్ వాళ్లు కూడా పడుకోలేరు. అది నేర్పాల్సింది ఉద్యోగమిచ్చినవాళ్లు. ఒక పాత ఛాసిస్ ల్యాబ్‌లో పెట్టి, పిల్లలను నాలుగు రోజులు దాని మీద వదిలితే చాలు. పాత ఛాసిస్‌లు తుక్కుకి వేస్తారు గానీ ల్యాబ్‌కి ఇవ్వరు. ఈ నగరంలో సర్వర్లు నిలబెడుతున్నవాళ్లలో సగం మంది ఆ అమీర్‌పేట మెట్లెక్కి వచ్చినవాళ్లే, నేనూ వాళ్లలో ఒకణ్ణి, గర్వంగా చెప్తాను.

ఇంకొకరున్నారు, "ఇప్పుడంతా క్లౌడ్ కదా, ఇంకా ఈ బ్లేడ్లు ఏంటి" అనేవాళ్లు. క్లౌడ్ ఆకాశంలో లేదండీ. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ తెరిచింది, అదీ మన నేల మీద బిల్డింగుల్లో, ర్యాకుల్లోనే ఉంది. దాని కిందా హైపర్‌వైజరే. అమెజాన్ మొదట జెన్ అనే హైపర్‌వైజర్ మీద నడిపింది, తర్వాత కేవీఎం అనే ఇంకోదాని ఆధారంగా నైట్రో కట్టుకుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల కింద హైపర్-వీ. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆ పొరను సరిగ్గా వేశారు కాబట్టే మీ యాప్ నడుస్తోంది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నది. ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి అంతా చందా పద్ధతికి మార్చారు, ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్లు లెక్కకడతారు. 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐ తీసేశారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ తెచ్చారు. ఈ గొడవ పడలేక చాలామంది ప్రాక్స్‌మాక్స్ అనే ఇంకో హైపర్‌వైజర్ వైపు చూస్తున్నారు. డెబియన్ లైనక్స్ మీద కట్టిన మంచి సరుకు, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. కోపమంతా ఇవాళ్టి కాల్ ఆఖర్లో వినిపించిన మాట మీద: "అయితే మిగతా బ్లేడ్లన్నిటిలో ప్రాక్స్‌మాక్స్ వేసేయండి, అదీ 20 నిమిషాలేగా." బ్యాకప్ మార్చాలి, మల్టీపాత్ (స్టోరేజ్‌కి ఒకటికి మించిన దారులు) కొత్తగా చూసుకోవాలి, నడుస్తున్న మిషన్లను ఒక్కొక్కటీ మార్చి పరీక్షించాలి. నెలల పని. ఆ మాట చెప్పబోతే నన్ను మ్యూట్ చేశారు.

నేనైతే ఒకటి నిర్ణయించుకున్నాను. ఇక నుంచి జోనింగ్ తీసినట్టు స్టోరేజ్ వాళ్ల రాతపూర్వక జవాబు, రేడ్ వాల్యూమ్ ఫోటో టికెట్‌లో లేనిదే బ్లేడ్ ఆన్ చేయను, నా టీమ్ పిల్లలతో చేయించను. ఆలస్యమైతే అవనీ, ఎస్కలేషన్ నా పేరు మీదే పెట్టుకోండి.

ఆ నల్గొండ అబ్బాయి మళ్లీ చదువుకున్నాడు, ఎగ్జామ్ రాశాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో రూమ్ తీసుకుని ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడు. పాత కంపెనీ నుంచి సరైన రిలీవింగ్ లెటర్ లేదని రెండో రౌండ్ తర్వాత ఎవరూ పిలవడం లేదు. పని వచ్చిన పిల్లాడు, నా పూచీ. మీ టీమ్‌లో వర్చువలైజేషన్ సపోర్ట్‌లో ఎల్1 (మొదటి స్థాయి) గానీ ఎల్2 (రెండో స్థాయి) గానీ ఖాళీ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, రెజ్యూమే పంపిస్తాను. నైట్ షిఫ్ట్ అయినా చేస్తానన్నాడు.