బూజును బతకనిద్దాం

గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఏ పాతింటి బీరువా తెరిచినా పట్టుచీరల పక్కన నాలుగైదు వీడియో క్యాసెట్లు కనిపిస్తాయి. పెళ్లి పార్ట్ 1, పెళ్లి పార్ట్ 2, ఓణీల ఫంక్షన్. ఈమధ్య అమెరికా నుంచి సెలవులకొచ్చిన పిల్లలు వీటిని డిజిటల్ చేయించాలని పట్టుబడుతున్నారు. ఈ ధోరణిని పెద్దలు వెంటనే అడ్డుకోవాలి.

ఎందుకంటే ఆ టేపుల మీద పట్టిన తెల్లటి బూజు మన కుటుంబాలకు చేసిన మేలు ఏ పెద్దమనుషులూ చేయలేదు. డెల్టా ఉక్కపోతలో, మూసిన బీరువాలో అది హాయిగా పెరిగింది కాబట్టే చదివింపుల్లో బాబాయి పేరిట మైకులో వినిపించిన అంకె, మగపెళ్లివారి పెద్దత్తయ్య రెండో బంతి దాకా విస్తరి ముందు కూర్చోకుండా అలిగిన దృశ్యం, పెళ్లికూతురి మెడలో మెరిసిన కాసులపేరు (అది తర్వాత ఎవరి మెడలోకి వెళ్లిందో అడగొద్దు) అన్నీ అర అంగుళం టేపులో ప్రశాంతంగా పడుకున్నాయి. సాక్ష్యం లేదు, గొడవా లేదు.

పరిశ్రమ కూడా మన పక్షమే. ఈ క్యాసెట్ల రకమైన వీహెచ్‌ఎస్ 1976లో జపాన్‌లో పుట్టింది, వాటిని ఆడించే వీసీఆర్లను చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ కూడా 2016లో ఆపేసింది. పాత మిషన్ ఎక్కడో దొరికినా బూజు క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా పెడితే టేపును చదివే హెడ్ మూసుకుపోతుంది, పైగా ఆ బూజు తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. ప్రకృతి ఇంత గట్టిగా వద్దంటుంటే మనకెందుకు టెన్షన్?

పిల్లలు మరీ మొండికేస్తే ఒక రాజీ మార్గం ఉంది, అదే ఏఐతో ఫోర్‌కే (కొత్త టీవీల స్పష్టత) అప్‌గ్రేడ్. వీహెచ్‌ఎస్‌లో అడ్డవరుసకు మహా అయితే మూడొందల చిల్లర చుక్కలకు సరిపడా వివరం ఉంటుంది, ఫోర్‌కేకి 3840 కావాలి. మిగతావి కంప్యూటర్ ఊహించుకుంటుంది, అంటే మన బంధువుల్ని కొత్తగా కల్పిస్తుందన్నమాట. అలిగిన అత్తయ్య, అలిగించిన వియ్యపురాలు, వంటవాడు అందరూ ఒకే నున్నటి మైనపు మొహంతో మిగులుతారు. కాసులపేరు బంగారపు మరకైపోతుంది. ఏ మొహం ఎవరిదో తేల్చలేని ఆ వీడియోను ఫ్యామిలీ గ్రూపులో ధైర్యంగా పెట్టుకోవచ్చు, ఎలాగూ ఎవరూ రెండు నిమిషాలకు మించి చూడరు.

అసలు ప్రమాదం ఇంకోరకం వాళ్లతో. వీళ్లు మంచి వీసీఆర్ వెతికి, బొమ్మ వణకకుండా టైమ్ బేస్ కరెక్టర్ తగిలించి, చారలూ గీతలూ ఉన్నవి ఉన్నట్టుగా, ఏ మెరుగులూ దిద్దకుండా, నాణ్యత తగ్గని ఫైలుగా ఎక్కిస్తారు. ఒక కాపీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్లో దాస్తారు. మెరుగులన్నీ నకలు మీదే చేస్తారట, అసలు ఫైలు జోలికి వెళ్లరట! ఇలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఆ క్యాసెట్లను ఇవాళే అటక ఎక్కించండి. అసలు ఫైలులో బొమ్మ సంగతి ఎలా ఉన్నా మాట మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది. బాబాయిగారివి నూటపదహార్లే, అదీ మైకులో రెండుసార్లు చదివారు.