ప్రాసెసర్‌కి చెమట పట్టకూడదు

మే నెలలో మనిషికి చెమట పడితే తుడుచుకోవడానికి తువ్వాలు ఉంది, తాగడానికి మజ్జిగ ఉంది, తిట్టుకోవడానికి కరెంటోళ్లు ఉన్నారు. పాపం, కంప్యూటర్‌కి మెదడు లాంటి ప్రాసెసర్‌కి ఏముంది? నాలుగు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ముక్క. నోరు లేనిది. ఉక్కపోస్తోందని చెప్పుకోలేక లోలోపలే వేగం తగ్గించుకుని కుమిలిపోతుంది. కాబట్టి గేమింగ్ కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ, ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాన్ని చల్లార్చే కూలర్ ఎంపికను పెద్దలే దగ్గరుండి జరిపించాలని, ఇంత బరువైన బాధ్యతను ఇంటర్ పిల్లల మీద వదిలేయడం క్షేమం కాదని మొదటే మనవి చేసుకుంటున్నాను. బరువైన అంటే నిజంగానే బరువైన. పెద్ద కూలర్ కేజీన్నర దాకా తూగుతుంది.

ముందు ఉచిత కూలర్ సంగతి తేల్చేద్దాం. రైజెన్ 5 7600 లాంటి 65 వాట్ల ప్రాసెసర్ కొంటే దాన్ని చేసే ఏఎండీ వాళ్లు డబ్బాలోనే ఒక చిన్న కూలర్ పెట్టి ఇస్తారు. అది పని చేస్తుంది. దాని మీదున్న ప్రధాన ఆరోపణ కూడా అదే. ఊరికే వచ్చి, పైగా పని కూడా చేసే వస్తువుని కంప్యూటర్ క్యాబినెట్ అద్దం తలుపు వెనక పెట్టి ఎవరికి చూపించుకుంటాం? దాన్ని డబ్బాతో సహా అటకెక్కించి, మర్నాడే పెద్ద కూలర్ వెతుకులాటలో పడటం సంస్కారవంతుల లక్షణం.

2023 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 7800ఎక్స్‌3డీని చూడండి. ఆటల కోసమే పుట్టిన ప్రాసెసర్ అని పేరు. కాగితం మీద 120 వాట్లు. ఆటలాడేటప్పుడు చాలావరకు 80 వాట్లు కూడా దాటదు. అంటే నెత్తి మీద తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్ తినేంత కరెంటు. దీనికి 250 వాట్ల వేడిని మోసే, రెక్కల దొంతరలు రెండు పక్కపక్కన నిలబెట్టిన జంట టవర్ల కూలర్ దేనికని కొందరు అడుగుతుంటారు. పెళ్లికి రెండొందల మంది వస్తారంటే సరిగ్గా రెండొందల మందికే వండమనే మనుషులు వీళ్లు. వీళ్ల మాట విని ఏ ఇల్లూ బాగుపడలేదు.

ఇంటెల్ కోర్ ఐ9-14900కే కొనుక్కున్నవాళ్లను మాత్రం ఏమీ అనను. అది ఊపులో ఉన్నప్పుడు 253 వాట్లు లాగుతుంది, 100 డిగ్రీలు తగలగానే తనంతట తానే తగ్గుతుంది. వాళ్లకి పెద్ద కూలర్ నిజంగా కావాలి. నిజంగా కావలసినవాళ్ల కోసం వ్యాసాలెందుకు? కొనుక్కుంటారు, బిగించుకుంటారు, అయిపోతుంది. మన బాధంతా అవసరం లేనివాళ్లు ఏది కొనాలన్నదే.

ఆస్ట్రియా దేశంలో నోక్టువా అనే కంపెనీ ఉంది. వాళ్ల ఎన్‌హెచ్-డీ15 2014లో వచ్చింది. రెండు టవర్లు, రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, 165 మిల్లీమీటర్ల ఎత్తు, ఫ్యాన్లతో కలిపి 1320 గ్రాములు. ఫ్యాన్ల రంగు మాత్రం ముదురు గోధుమా లేత గోధుమా కలిసిన ఒక విచిత్రమైన రంగు. క్యాబినెట్ నిండా రంగుల లైట్లు పెట్టుకున్నవాళ్లు ఈ రంగు చూసి ఏడిచారు. వాళ్ల ఏడుపు ఆస్ట్రియాకి చేరి 2019లో నల్లది వచ్చింది. వచ్చాక, 'ఎంతైనా గోధుమ రంగుదే ఒరిజినల్' అంటూ సగం మంది మళ్లీ దాని దగ్గరికే పోయారు.

ఆ కంపెనీ పదేళ్లు ఆగి 2024లో రెండో తరం తెచ్చింది. వచ్చినప్పుడు ధర 150 డాలర్లు. ఇందులో మూడు రకాలు. ప్రాసెసర్‌ని తాకే అడుగు భాగం ఒకదానికి మామూలుగా ఉబ్బి ఉంటుంది, ఇంకోదానికి కాస్త ఎక్కువ, మూడోదానికి కాస్త తక్కువ. ఇది వేళాకోళం కాదు, దీనికి కారణముంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్లో, అంటే ప్రాసెసర్ కూర్చునే గూట్లో, క్లిప్పు నొక్కగానే ప్రాసెసర్ పైమూత సన్నగా వంగి మధ్యలో గుంటపడుతుంది. ఏఎండీ ఏఎం5 సాకెట్లో మూత అంతకన్నా చదునుగా ఉంటుంది. గుంట ఉన్నచోట ఉబ్బు, చదునున్నచోట చదును. తేడా కంటికి ఆనదు. కంటికి ఆనని ఆ ఉబ్బు గురించి తెల్లవార్లూ మథనపడి, 'మధ్యలోది తీసుకుంటే ఏ గొడవా ఉండదు' అని తేల్చుకున్న యువకుడు, పొద్దున్నే టైర్లో గాలి లేని బండి మీద కాలేజీకి బయల్దేరతాడు.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా థర్మల్‌రైట్ అనే తైవాన్ కంపెనీ ఒక దుర్మార్గం చేసింది. పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ అని ఒక కూలర్ తయారుచేసి అమెరికాలో 35 డాలర్ల దగ్గర అమ్మకానికి పెట్టింది. దానికీ రెండు టవర్లే, రెండు ఫ్యాన్లే, ఆరు హీట్ పైపులు. ఆటలాడేటప్పుడు దీనికీ, నాలుగు రెట్లు పోసి కొన్నదానికీ తేడా ఏవో కొన్ని డిగ్రీలు. ఇలాంటివి సమాజానికి మంచివి కావు. పక్కింటి అబ్బాయి పావు ధరకి కొని మనకన్నా మూడు డిగ్రీలే వెనకబడితే, ఆ మూడు డిగ్రీల సందులో మనం తల ఎక్కడ దాచుకోవాలి? ధర తగ్గించేముందు కంపెనీలు కాస్త వెనకాముందూ చూసుకోవద్దా?

హీట్ పైపు గురించి రెండు ముక్కలు చెప్పకపోతే పాపం. రాగి గొట్టంలో గాలి తీసేసి, కొన్ని చుక్కల నీళ్లు వదిలి, రెండు చివరలూ మూసేస్తారు. వేడి తగిలిన చివర నీళ్లు ఆవిరవుతాయి. ఆ ఆవిరి పైన అల్యూమినియం రెక్కల దగ్గరకి పోయి చల్లారి మళ్లీ నీళ్లవుతుంది. గొట్టం లోపలి గోడకున్న గరుకు పొర ఆ నీళ్లను పీల్చుకుని కిందికి చేరుస్తుంది. మోటారు లేదు, పంపు లేదు, కారిపోతుందన్న భయం లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీని మీద పనిచేసింది అంతరిక్ష నౌకల అవసరాల కోసం. అదిప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో, మేడ మీద రేకుల వసారా పక్క గదిలో, మా మేనల్లుడు తుపాకీ పేల్చేటప్పుడు ఇబ్బంది పడకుండా చూసుకుంటోంది.

మేనల్లుడి ఇంట్లో కూలర్ ప్రవేశం నేను కళ్లారా చూశాను. తన 7800ఎక్స్‌3డీ కోసం వాడు కొన్నది పాత ఎన్‌హెచ్-డీ15. క్యాబినెట్‌లో పట్టే ఎత్తు 160 మిల్లీమీటర్లు, కూలర్ 165. అద్దం తలుపు మూసుకోవడానికి ఐదు మిల్లీమీటర్లు తక్కువ. వాడు నిలువునా నీరైపోయాడు. మా అక్క వచ్చి చూసి, "కొంచెం గట్టిగా నొక్కరా, పడుతుంది" అంది. అమెరికా వెళ్లే పెట్టెలన్నీ అలాగే మూసిన చెయ్యి ఆవిడది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో సామాన్లు కొన్న షాపుకి ఫోన్ చేస్తే అతను ఏమాత్రం తడుముకోకుండా, "తమ్ముడూ, క్యాబినెట్ మార్చెయ్" అన్నాడు. ఎంత తేలికైన పరిష్కారం!

170 పట్టే కొత్త క్యాబినెట్ వచ్చింది. ఈసారి ర్యామ్ అడ్డం. ముందు ఫ్యాన్ ర్యామ్ మీదకి వేలాడుతుంది, దాని కింద 32 మిల్లీమీటర్లే ఖాళీ. వీడి ర్యామ్ కర్రలు లైట్లతో కలిపి 44. సరే, ఫ్యాన్‌ని పన్నెండు మిల్లీమీటర్లు పైకి జరుపుదామంటే ఎత్తు 177 అవుతుంది, మళ్లీ అద్దం మూతపడదు. లైట్లు లేని పొట్టి ర్యామ్ కొనమన్నాను. నా వంక అదోలా చూశాడు. చివరికి ముందు ఫ్యాన్ ఊడబీకేశాడు. ఆ తీగ క్లిప్పు ఎగిరి మంచం కింద పడింది, రెక్క అంచు తగిలి వేలు తెగింది. రెండు ఫ్యాన్ల కోసమని ఏరికోరి కొన్న కూలర్ ఇప్పుడు ఒక్క ఫ్యాన్‌తో నడుస్తోంది. రెండోది పూజగది అలమారాలో ఉంది. దసరా నాడు కంప్యూటర్‌కి బొట్టు పెట్టినప్పుడు దానికీ పెట్టారు.

ఒక్క ఫ్యాన్‌తో ఎలా చల్లారుతోందని మీకు అనుమానం రావచ్చు. చల్లారుతోంది. 80 వాట్లే కదా.

శబ్దం విషయానికొస్తే, ఈ ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగినా 24.6 డెసిబెల్స్ అని కంపెనీ లెక్క. ఆ నిశ్శబ్దాన్ని వినాలంటే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, పక్కింట్లో మిక్సీ ఆపాలి, వీధిలో పాత సామాన్లు కొనేవాణ్ణి కాసేపు పక్క వీధికి వెళ్లమని బతిమాలాలి. అప్పుడు కూడా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ల మోతలో అది వినపడదు.

ఇక టెంపరేచర్. తెర మూలన అంకె పెట్టుకోని గేమరు ఉండడు. మా వాడు తెర మధ్యలో శత్రువుని చూడక చచ్చిపోతాడు గానీ, మూలన 78 కాస్తా 79 అయితే వెంటనే కనిపెడతాడు. క్రమంగా ఇల్లంతా అంటుకుంది. అక్క వంటింట్లోంచే, "ఎంతుందిరా?" అంటుంది. "డెబ్భై తొమ్మిది." "అయ్యో, పొద్దున డెబ్భై నాలుగే కదా!" ఆ ప్రాసెసర్‌కి 89 దాకా ఏ బాధా లేదని ఏఎండీ వాళ్లే రాసిచ్చారు. కన్నవాళ్లకి ఇవన్నీ ఎక్కుతాయా?

దీనికి అసలు కారణం విజయవాడ. పరీక్షలు చేసి అంకెలు ప్రకటించేవాళ్లు మామూలుగా 20, 25 డిగ్రీల గదుల్లో కూర్చుని కొలుస్తారు. గాలితో చల్లార్చే ఏ కూలరూ గది గాలికన్నా కిందికి దించలేదు. అక్కడ 22 డిగ్రీల గదిలో 62 చూపించిన ప్రాసెసర్, మేడ మీద 38 డిగ్రీల గదిలో ఇంచుమించు 78 చూపిస్తుంది. ఖరీదైన కూలర్ కష్టపడి సంపాదించిన ఆ మూడు డిగ్రీలను బెజవాడ ఎండ పదకొండు గంటలకల్లా జమ వేసుకుంటుంది.

పైగా కూలర్ వేడిని మాయం చేయదు. చిప్ మీంచి తీసి గదిలో పారబోస్తుంది. ఆర్‌టీఎక్స్ 4080 లాంటి గ్రాఫిక్స్ కార్డు నిండుగా పనిచేస్తే 320 వాట్లు, ప్రాసెసర్ 80. మొత్తం నాలుగొందల వాట్ల వేడి, తలుపులేసిన గదిలో, కుర్చీలో కూర్చున్న మనిషి మీదకి. కూలర్ చవకదైనా ఖరీదైనదైనా ఈ లెక్క మారదు. మా మేనల్లుడు బనియన్ కూడా విప్పేసి, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని, కీబోర్డు మీద చెమట చుక్కలు పడకుండా మోచేతులు ఎత్తిపెట్టి, ప్రాసెసర్ 78 దగ్గర క్షేమంగా ఉందని తృప్తిగా చూసుకుంటూ ఆడేవాడు. ఇంతటి త్యాగాన్ని గుర్తించి అవార్డులిచ్చే ఏర్పాటు ఇంకా ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఆ ఇంట్లో ఏసీ మాట వచ్చినప్పుడల్లా, "మేం ఫ్యాన్ కిందే పెరిగాం, మాకేమైంది?" అని బావగారు కొట్టిపారేసేవారు. మా అక్క మామగారు డెబ్భై ఆరేళ్ల మనిషి, ఉక్కకి నిద్రపట్టక తెల్లవార్లూ డాబా మీద పచార్లు చేసినా ఆ మాట మారలేదు. మొన్న వేసవిలో ఎవరో బంధువు వచ్చి, "లక్షన్నర పెట్టిన వస్తువు, వేడికి పాడైపోదూ?" అన్నాడు. వారం తిరక్కుండా కంప్యూటర్ గదిలో ఏసీ వెలిసింది. నియమం ఒక్కటే: కంప్యూటర్ నడుస్తున్నంతసేపే ఏసీ. అది ఆగితే ఇదీ ఆగాలి. కరెంటు బిల్లు ఎవరు కడతారు మరి?

ఇప్పుడు పెద్దాయన రోజూ మధ్యాహ్నం భోంచేయగానే దిండు చంకన పెట్టుకుని ఆ గదికి చేరుకుంటున్నారు. నేను వెళ్లిన రోజు చాప మీద వెల్లకిలా పడుకుని, మనవణ్ణి ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడమని బతిమాలుతున్నారు.

"తాతయ్యా, అరవై రెండుకి దిగిపోయింది!" అన్నాడు వీడు సంబరంగా.

పెద్దాయన గభాలున లేచి కూర్చున్నారు. "అంత దించకురా నాయనా! చల్లబడిందని తెలిస్తే మీ అమ్మొచ్చి ఏసీ కట్టేస్తుంది."