పూస మీద ధ్యాస: వంగపూవు రంగు పూసకి ఒక బహిరంగ లేఖ

నెల్లూరు, రంగనాయకులపేట,
సోమవారం రాత్రి.

మహారాజశ్రీ వంగపూవు రంగు పదకొండో నంబరు పూస గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పెద్దవాళ్ళు నేర్పిన అలవాటు కాబట్టి రాస్తున్నాను. తమరు కుశలమే, స్టీలు గిన్నెలో స్నానం ముగించుకుని తళతళలాడుతున్నారు. నేను కుశలం కాదు. ఇలాంటి సంగతులు నాలుగు గోడల మధ్య తేల్చుకోవాలి గానీ, తమరి రంగు ఎటూ బహిరంగమైపోయింది కాబట్టి లేఖ కూడా బహిరంగంగానే రాస్తున్నాను. రంగనాయకులపేటలో పుట్టి, రంగనాయకుల స్వామి గాలిగోపురం చూస్తూ పెరిగి, చివరికి రంగు దగ్గరే మోసపోయాను. స్వామి ఎప్పటిలాగే పడుకుని చూస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నం ఏం జరిగిందో తమరికి చెప్పక్కర్లేదు, చేసింది తమరే. గోడకి తగిలించుకోవడానికి నేను కుట్టుకునే 9 అంగుళాల బొంత ముక్క, పూసలు కుట్టడం పూర్తయ్యేసరికి ఒక పక్క ఎనిమిదిన్నర, ఇంకో పక్క ఎనిమిదీ చిల్లర. దారం లాగుడికి గుడ్డ ముడుచుకోవడం మామూలే, పూసల మీద ఇస్త్రీ పెట్టడానికీ లేదు, అందుకే కాస్త తడిచేసి, చెక్క మీద నాలుగు వైపులా లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టడం కూడా మామూలే. మా ఆయన చొక్కాలకి వాడే స్ప్రే సీసాతో నాలుగుసార్లు కొట్టాను. మహా అయితే రెండు చెంచాల నీళ్ళు. వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చేసరికి, తెల్ల గుడ్డ మీద తమరి చుట్టూ వంగపూవు రంగు వలయం ఒకటి, దాని చుట్టూ గులాబీ రంగు వలయం ఇంకొకటి, మెల్లగా, చాలా తీరిగ్గా, పెళ్ళివారు విడిది ఇంట్లో సర్దుకున్నట్టు సర్దుకుంటున్నాయి. కాఫీ చల్లారిపోయింది. తాగలేదు.

"రంగు పోదమ్మా, గ్యారంటీ." ఇది తమరిని నాకు అంటగట్టిన కొట్టతని మాట. నేను ఒకటికి రెండుసార్లు అడిగాను. మూడోసారి కూడా అడిగాను, అప్పుడాయన "నీళ్ళలో ఉడకబెట్టినా పోదక్కా, జపాన్ సరుకు" అన్నాడు. అక్కా అనగానే కరిగిపోవడం మా ఇంటి ఆడవాళ్ళకి వంశపారంపర్యంగా వస్తున్న జబ్బు. ప్యాకెట్టు మీద జపాన్ లేదు, ఏ ఊరూ లేదు, ఒక నెమలి బొమ్మ మాత్రం ఉంది. 25 గ్రాములు, గ్రాముకి 110 పూసల లెక్కన రెండు వేల ఏడు వందల పైచిలుకు అబద్ధాలు.

కొత్త పూసల్ని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి చూడమని ఈ పని చేసే ప్రతి మనిషీ చెబుతుంది. నేనూ పదిమందికి చెప్పాను. తమరి విషయంలో మాత్రం తడి దూదితో ఒకసారి తుడిచి, దూది తెల్లగానే ఉందని చూసుకుని, సంబరంగా సూది పట్టుకున్నాను. ఆ తప్పు నాది. ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు మిగతా తప్పుల సంగతికి వద్దాం.

మిగతావాళ్ళ మీద కూడా నాకు కోపం లేకపోలేదు. నంబరు పెరిగేకొద్దీ చిన్నదయ్యే వస్తువు లోకంలో పూస ఒక్కటేనేమో అనుకున్నాను: ఎనిమిది అంటే మూడు మిల్లీమీటర్లు, పదకొండు అంటే రెండు, పదిహేను అంటే ఒకటిన్నర. తీరా చూస్తే సూదికీ అదే రోగం. పన్నెండో నంబరు సూది మధ్యాహ్నానికి విల్లులా వంగుతుంది, సాయంత్రానికి బెజ్జం విరుగుతుంది. బెజ్జమే లేకుండా పుట్టిన పూసలు ప్యాకెట్టుకి గుప్పెడు. దారం నూలుదైతే పూస అంచు కోసేస్తుంది కాబట్టి చేపల గాలానికి వాడే అల్లిక దారం కొనడానికి వెళితే, "ఏ చెరువులోనమ్మా?" అన్నాడు కొట్లో కుర్రాడు. పక్కింటి అక్క ఎప్పుడొచ్చినా ఆ ముక్కని చేతిలో తిప్పి తిప్పి చూసి "మగ్గం వర్కు బాగుందమ్మేయ్, జాకెట్టుకి ఎంత తీసుకుంటావు?" అంటుంది. మా వదినైతే, ఇదే పని ఒక పట్టు జాకెట్టు మీద చేసుంటే పెళ్ళిళ్ళకన్నా వేసుకోవచ్చు గదా, గోడకి తగిలించేదానికి ఇంత కళ్ళు పోగొట్టుకోవాలా అని నిష్ఠూరం. మా మామగారు ఒక్కసారే అడిగారు, "కప్పుకుంటే గుచ్చుకోదా?" అని. గుచ్చుకుంటుంది మామయ్యా.

వీళ్ళెవరికీ జవాబు చెప్పలేక "ధ్యానం" అనేస్తాను. అందరూ శ్వాస మీద ధ్యాస పెడతారు, నేను పూస మీద పెడుతున్నాను, అంతే తేడా. నాలుగు పూసలు ఎక్కించు, గుడ్డలోకి దింపు, రెండు పూసల వెనక్కి వచ్చి పైకి లే, ఆ రెండింటిలోంచీ మళ్ళీ దూర్చు. నాలుగు ముందుకి, రెండు వెనక్కి. అంగుళం నడవడానికి 18 పూసలు. నెల్లూరు కాబట్టి మధ్యలో ఒక దోమ. ధ్యానమంటే కళ్ళు మూసుకుని చేసేదట, ఇది కళ్ళు పోయేదాకా చేసేది. ముందుగా గీసుకున్న ముగ్గేమీ ఉండదు, ఆ రోజు చెయ్యి ఎటు పోతే అటు. ఎవరికీ అమ్మను, ఎవరికీ ఇవ్వను. నెలకొక ముక్క, అందులో ఆ నెల నాకు ఎలా గడిచిందో ఉంటుంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. అమెరికాలో ఇలాంటి బొంతల్ని గోడకి పెట్టే బొమ్మల్లాగే చూస్తారు, ఒహాయోలో ఒక పాత పశువుల కొట్టంలో 1979 నుంచి బొంతల ప్రదర్శనే జరుగుతోంది. మా ఇంట్లో గోడకి మాత్రం క్యాలెండరుకి పోగా మిగిలిన మేకే గతి.

ఈ నెల ముక్క అమ్మది.

ఇంత దూరం వచ్చాక మీరు, తమరు అనడం నా వల్ల కావడం లేదు. ఇక నువ్వనే అంటాను.

నువ్వు పాడుచేసిన గుడ్డ ఏదో నీకు తెలుసా? వెంకటగిరి నూలు చీర. నేను ఇంటరు చదివేటప్పుడు అమ్మ వెంకటగిరి పోయి మగ్గం దగ్గరే బేరమాడి తెచ్చుకుంది. ఉతికి, గంజి పెట్టి, నీడన ఆరేసి, ముప్ఫై ఏళ్ళు కట్టింది. 2022లో వెంకటగిరి మా జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళిపోయింది. ఊరు జిల్లా మారింది గానీ ఆ చీర అంచు రంగు మాత్రం దిగలేదు. మిగతా బొంతంతా అమ్మ పాత చీరలే, మా అవ్వ కుట్టినట్టే పొరల మీద పొరలు వేసి అడ్డంగా దారం లాగాను. పైన నడిమధ్యలో మాత్రం ఈ చీర కొంగు. కొంగులో కూడా చివరి మూల. అమ్మ అక్కడ బీరువా తాళమో, పది రూపాయల నోటో ముడేసుకునేది. ముడేసీ ముడేసీ ఆ మూల నేత సాగిపోయి, పోగుల మధ్య చిన్న చిన్న కిటికీలు పడ్డాయి, వెలుతురుకి పెడితే కనపడతాయి. చీర మొత్తంలో నాకు కావలసింది ఆ రెండు అంగుళాలే. ఆ మూలని మధ్యలో పెట్టి, చుట్టూ వలయాలుగా నిన్ను కుట్టాను. ఎందుకంటే అమ్మకి డిసెంబరాలంటే ఇష్టం. చలికాలమంతా దొడ్లో కోసి, మాల కట్టి జడలో పెట్టుకునేది, వాసన లేని పువ్వులకి అంత మోజెందుకని నాన్న ఎగతాళి చేసేవాడు. నీ రంగు అచ్చం అదే. బజారంతా తిరిగి నిన్ను ఏరి తెచ్చుకున్నాను.

ఐదు వారాలు. రాత్రి అన్నాలయ్యాక రోజూ గంట. నిన్న రాత్రి పదకొండు నుంచి రెండు దాకా కూర్చుని కత్తెర మొనతో ఒక్కో కుట్టూ తెంపి నిన్ను బయటికి లాగాను. తొమ్మిది వందల చిల్లర. ముందుజాగ్రత్తని చెప్పి నాలుగు పూసలకొక ముడి వేసుకుంటూ పోయిన తెలివైనదాన్ని కూడా నేనే. మొలగొలుకుల బియ్యంలో మట్టిగడ్డలు ఏరడం దీనికన్నా సుఖం, చివర్లో అన్నమైనా ఉంటుంది.

మచ్చ మాత్రం పోలేదు. చన్నీళ్ళతో అద్దాను, పాలిపోయింది గానీ పోలేదు. నిమ్మకాయ రుద్దమన్నారు. ఉప్పులో నానబెట్టమన్నారు. బ్లీచింగు పెడితే రెండు నిమిషాల్లో పోతుందన్నారు, దాంతోపాటు జరీ కూడా పోతుందని చెప్పలేదు.

నీకు సిగ్గు లేదా? అసలు నువ్వు గాజువేనా? గాజుకి రంగు లోపల ఉండాలి. కోబాల్టు కలిపితే నీలం, మాంగనీసు కలిపితే నీ రంగు, మంచి గులాబీ రావాలంటే నిజంగానే బంగారం కలుపుతారు. రంగు కొలిమిలోనే పుడుతుంది, చచ్చేదాకా ఉంటుంది. అది ఖర్చని, మామూలు తెల్ల గాజు మీద రంగు పూసి, పైన మెరుపు కొట్టి, నెమలి ప్యాకెట్లో పోసి పంపారు నిన్ను. పూసింది కాబట్టి పూస అన్నారేమో. పక్క జిల్లాలోనే, రేణిగుంట దగ్గర పాపానాయుడుపేటలో, కొలిమి దగ్గర చెమటలు కక్కుతూ కరిగిన గాజు ముద్దలోంచి సన్నటి గొట్టం లాగి, ముక్కలు కోసి, బెజ్జాలు పూడకుండా బూడిదలో కలిపి మళ్ళీ వేడిచేసి అంచులు గుండ్రం చేసేవాళ్ళు. ఆ పనే వేల ఏళ్ళ నాటిది. పుదుచ్చేరి పక్కన అరికమేడులో తవ్వితే దొరికిన అలాంటి పూసలు, రెండు వేల ఏళ్ళు మట్టిలో, వానలో, సముద్రపు ఉప్పులో ఉండి కూడా ఎర్రనివి ఎర్రగానే ఉన్నాయి. నువ్వు రెండు చెంచాల నీళ్ళకి ఆగలేకపోయావు.

కోపంలో చెయ్యాల్సిందంతా చేశాను. నిన్న సాయంత్రమే డబ్బాల్లో ఉన్న రంగులన్నీ తీసి, ఒక్కోటి ఒక్కో గాజు గ్లాసులో పోసి, నీళ్ళు నింపి వంటింటి గట్టు మీద వరసగా పెట్టాను, పద్నాలుగు గ్లాసులు. పొద్దున చూస్తే మూడు గ్లాసుల్లో మీ బంధువులే. మామగారు లేచి ఒకదాన్ని రోజ్ వాటరు కలిపిన షర్బత్తనుకుని చేతిలోకి తీసుకున్నారు, అడుగున పూసలు కదిలాయి కాబట్టి సరిపోయింది. పచ్చ నిలిచింది, నీలం నిలిచింది, నేను ఎప్పుడూ అసహ్యించుకునే ఆ పసుపు, వాంతి రంగు పసుపు, రాయిలా నిలిచింది. నచ్చినవే ఎందుకు కారిపోతాయో.

ఆ ముక్క ఇంకా చెక్క మీదే ఉంది, గుండుసూదులు తియ్యలేదు. పూసలు తీసినచోటల్లా చిన్న చిన్న చిల్లులు, వలయం వెనక వలయం, మధ్యలో అమ్మ ముడి గుర్తు, దాని మీద నీ మచ్చ. పొద్దున మా ఆయన దాని ముందు కాసేపు నిలబడి, ఏదో అనబోయి, అనకుండా ఆఫీసుకి వెళ్ళిపోయాడు. మంచి పని చేశాడు. "మచ్చ కూడా బాగుంది" అని ఎవరైనా అంటే కొట్టేలా ఉన్నాను. బాగాలేదు. చీరలో ఇంకా నాలుగు గజాలుంది, కొంగు మూల ఇంకోటి లేదు.

రేపు ఆ ప్యాకెట్టు పట్టుకుని కొట్టుకి వెళతాను. ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు, "అది పాత స్టాకక్కా, ఇప్పుడొచ్చింది చూడండి, దీనికి ఫుల్ గ్యారంటీ" అంటాడు. ఆ అక్కా అనే మాటకే నాకు భయం.

ఇట్లు,
నిన్ను 900 సార్లు కుట్టి 900 సార్లు విప్పిన మనిషి.

తాజా కలం: నిన్న పీకిన పూసలన్నింటినీ కసికొద్దీ గోళ్ళ రంగు తీసే మందులో వేశాను. పది నిమిషాల్లో మొత్తం దిగిపోయింది. కడిగి చూస్తే లోపల ఉన్నది శుభ్రమైన తెల్ల గాజు, నీటి చుక్కలా, వంకర లేకుండా, బెజ్జం సరిగ్గా మధ్యలో. ఆ రంగు పూయకుండా ఇలాగే అమ్మితే కొనుక్కునేదాన్ని గదా! ఆరాక తెల్ల పూసల డబ్బాలో పోశాను. అక్కడ పాతవాళ్ళున్నారు, నోరు మూసుకుని పడుండు.