75 గ్రాముల మహానగరం

ఔటర్ రింగ్ రోడ్డు మీద కారుకు గంటకు 120 కిలోమీటర్ల హద్దు ఉంది. దాటితే కెమెరా ఫొటో తీస్తుంది, చలానా ఫోన్‌కి వస్తుంది. ఆ రోడ్డు లోపల కాపురముంటున్న సుమారు కోటి మంది రోజుకు ఎంత పీచు, అంటే ఫైబర్, తినొచ్చో చెప్పే బోర్డు మాత్రం ఎక్కడా లేదు. శాస్త్ర గ్రంథాల్లో వెతికినా లాభం లేదు. విటమిన్ ఎ ఇంతకు మించొద్దు, ఇనుము ఇంతకు మించొద్దు అని గీతలు గీసుకుంటూ వచ్చిన అమెరికా నిపుణులు పీచు దగ్గర కలం మూసేశారు. పై హద్దు లేదన్నారు. హద్దు లేదని తెలిస్తే హైదరాబాదీ ఏం చేస్తాడో పంజాగుట్ట చౌరస్తాలో నిలబడిన ఏ కానిస్టేబుల్‌నైనా అడగండి.

పైగా తప్పించుకునే దారి కూడా లేదు. చిరుధాన్యాల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. జొన్న, సజ్జల సంగతి చూసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచీ పటాన్‌చెరులో ఉంది. ఏ గింజలో ఎంత పీచుందో లెక్క రాసే జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. 2017లో 528 పదార్థాల పట్టిక అచ్చేసింది కూడా. ఈ త్రికోణం మధ్యలో బతుకుతూ పొట్ట ఉబ్బకుండా ఉండాలనుకోవడం అత్యాశే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ సంవత్సరం ముగిసిందన్న కబురు మన నగరానికి ఇంకా అందినట్టు లేదు.

మాదాపూర్‌లో ఒక ఆదర్శ పౌరుణ్ణి తీసుకుందాం. పేరక్కర్లేదు, మీ అపార్ట్‌మెంటులోనే నలుగురైనా ఉంటారు. ఉదయం 50 గ్రాముల ఓట్స్, అందులో రెండు పెద్ద చెంచాల చియా గింజలు, తొక్కతో ఒక యాపిల్: 19 గ్రాముల పీచు. పదకొండింటికి ఒక మోస్తరు జామకాయ: 8. మధ్యాహ్నం రెండు జొన్న రొట్టెలు, అంటే 120 గ్రాముల పిండి: 12. పక్కన కప్పు ఉడికించిన శనగలు: మరో 12. గోరుచిక్కుడు కూర: 4. సాయంత్రం అవిసె గింజల లడ్డు: 5. రాత్రి కొర్రల కిచిడీ: 7. ఇంత చేశాక కూడా రేపు పొద్దున ఏమవుతుందోనన్న బెంగతో రెండు చెంచాల ఇసబ్‌గోల్: 8. మొత్తం 75 గ్రాములు.

పోయిన నెల దాకా ఇదే పౌరుడు తెల్లన్నం, చారు, ఆలుగడ్డ వేపుడు, శుక్రవారం బిర్యానీ మీద 15 గ్రాములతో సుఖంగా కాలక్షేపం చేశాడు. కొలెస్టరాల్ రిపోర్టు వచ్చింది. ఆదివారం రాత్రి ప్రతిజ్ఞ చేశాడు. సోమవారం పొద్దున 75కి చేరాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మలుపులో కూడా ఎవరూ ఇంత వేగంగా గేరు మార్చరు.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. వెయ్యి కెలోరీలకు 14 గ్రాములన్నది అమెరికా లెక్క. రెండు వేల కెలోరీల తిండికి 28 అవుతుంది. 25కీ 35కీ మధ్య చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. 50 దాటితే కొత్తవాళ్ల పొట్ట గొణగడం మొదలెడుతుంది. 70 దగ్గర సభ పెట్టి మాట్లాడుతుంది. అయితే ఆఫ్రికా పల్లెల తిండిని గమనించిన ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్ 1970లలో రోజుకు 50 గ్రాములకు పైనే మంచిదన్నాడు. అక్కడి జనం చిన్నప్పటి నుంచీ అదే తిండి తిన్నవాళ్లు. మన తాతమ్మలూ పొద్దున జొన్న గటక మజ్జిగలో కలుపుకుని తాగి చేనికి పోయినవాళ్లే. వాళ్ల పేగుల్లోని సూక్ష్మజీవులకు అరవై ఏళ్ల సర్వీసు ఉంది. మన పౌరుడివి సోమవారం డ్యూటీలో చేరాయి.

అసలు గొడవ ఆ సూక్ష్మజీవుల దగ్గరే. పీచును అరిగించే ఎంజైములు మనకు లేవు. అది చిన్నపేగు దాటి చెక్కు చెదరకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి పేగు గోడకు పనికొచ్చే కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది, ఇది దాని ఉపకారం. ఆ పనికి రసీదుగా హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వదులుతుంది. ఈ మూడింటికీ వాసన లేదని సభికులు గమనించాలి. వాసన గంధకం ఉన్న వాయువులది, వాటికి ముడిసరుకు గుడ్డు, గోబీ, ప్రోటీన్ పౌడరు లాంటివి. కాబట్టి మీటింగ్ రూములో అనుమానం వచ్చినప్పుడు ముందుగా రాగిజావ తాగినవాడి వైపు చూడటం అన్యాయం. గ్లాసు జావలో పిండి 20 గ్రాములు, పీచు రెండు గ్రాములు. కేబీఆర్ పార్క్ దగ్గర ఉదయం అమ్మే మొలకల కప్పుదీ దాదాపు అదే లెక్క. చూడటానికి మహా ఆరోగ్యంగా కనబడే ఈ రెండూ పీచు విషయంలో అమాయకులు.

ఇంతకన్నా పెద్ద అన్యాయం మిర్చి బజ్జీకి జరుగుతోంది. తిన్నది పెద్దపేగుకు చేరడానికి ఇంచుమించు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఒంటిగంటకు తిన్న శనగలు సాయంత్రం ఆరింటికి అక్కడ ఆఫీసు తెరుస్తాయి. సరిగ్గా అప్పుడే మనవాడు రాయదుర్గం మెట్రో దిగువన బండి దగ్గర రెండు బజ్జీలు తింటూ ఉంటాడు. ఏడింటికి పొట్ట బిగుసుకుంటుంది. "అన్నా, నీ నూనె మంచిగ లేదు" అని మర్నాడు బండివాడితో తగువు. నూనె బాగుండకపోవచ్చు, అది వేరే కేసు; ఈ కేసులో మాత్రం బజ్జీ నిర్దోషి. ముద్దాయి దొరకాలంటే చివరగా తిన్నదాన్ని వదిలేసి, అంతకు ముందు పూట ఏం తిన్నారో రాసి చూసుకోవాలి.

శనగలు, రాజ్మా, అలసందలకు మరో చరిత్ర ఉంది. వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. రాత్రంతా, అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే కొంత భారం దిగుతుంది. పోషకాలు పోతాయని ఆ నీళ్లనే కుక్కర్లో పోసే పొదుపరులున్నారు. వాళ్లకు పోషకాలతో పాటు మిగతావీ భద్రంగా దక్కుతాయి. చిరుధాన్యాలను ఆరేడు గంటలు నానబెట్టడం, పిండిని పులియబెట్టడం కూడా ఇలాంటి మంచి పనే. గింజలోని ఫైటేట్లు ఇనుమును, జింకును పట్టేసుకుని వదలవు, నానినప్పుడు వాటి పట్టు కొంత సడలుతుంది. రక్తహీనత ఉన్న ఇంట్లో మూడు పూటలా చిరుధాన్యాలు పెట్టి పైన ఇరానీ చాయ్ పోస్తే, టీలోని టానిన్లు మిగిలిన పని పూర్తిచేస్తాయి.

ఇక నీళ్లు. ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లు పీల్చి జిగురుగా ఉబ్బుతుంది. దాని పనితనమంతా అక్కడే ఉంది. చెంచాకు నిండు గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి గడ్డకట్టక ముందే తాగాలి, పైన మరో గ్లాసు తాగాలి. రెండు గుక్కల నీళ్లతో మింగి వెంటనే మంచమెక్కితే అది గొంతు దగ్గరో పేగులోనో ముద్దకడుతుంది. చియా ఇంకా పంతం గలది, తన బరువుకు పది రెట్ల నీళ్లు తాగగలదు. 2014లో అమెరికాలో ఒకాయన చెంచాడు పొడి చియా నోట్లో వేసుకుని పైన నీళ్లు తాగితే, గింజలు అన్నవాహికలోనే ఉబ్బి అడ్డం పడ్డాయి. డాక్టర్లు ఎండోస్కోపీ గొట్టంతో కిందికి నెట్టాల్సి వచ్చింది. ఫలూదాలో సబ్జా గింజలు నానబెట్టి వేసే పాతబస్తీ వాళ్లకు ఇది ఎవరూ నేర్పలేదు.

పీచు ఎక్కువైతే విరేచనాలే అవుతాయన్నది సగం నిజం. నీళ్లు తగ్గినప్పుడు, పేగు కదలిక మందగించినప్పుడు అదే పీచు మలబద్ధకాన్ని పెంచుతుంది. అప్పుడు మన పౌరుడు ఏం చేస్తాడు? ఇంకో చెంచా వేస్తాడు. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, వేరే కారణమేదీ దొరకని మలబద్ధకంతో బాధపడుతున్న 63 మందితో పీచు మాన్పించారు. పూర్తిగా మానేసినవాళ్లకు మోషన్ సాఫీ అయింది, ఉబ్బరం పోయింది. చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి మరో గుంపు కూడా లేదు. దాన్ని పట్టుకుని రేపటి నుంచి ఇడ్లీలే తింటానని బయల్దేరేవాళ్లు ఉంటారని తెలిసే ఈ మాట చెబుతున్నాం.

పెట్టెల మీది రాతల సంగతి. వంద గ్రాములకు 6 గ్రాముల పీచుంటే 'హై ఫైబర్' అని రాసుకోవచ్చని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. ఇంట్లో వాడే మామూలు గోధుమ పిండిలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది, పాపం దానికి ప్రచార కార్యదర్శి లేడు. బిస్కెట్లలో, ఎనర్జీ బార్లలో ఆ అంకె అందుకోవడానికి చాలాసార్లు ఇనులిన్ కలుపుతారు. చికోరీ వేరు పీచు అని కూడా రాస్తారు. ఇది పెద్దపేగులో చకచకా పులిసే రకం. మూడు బార్లు తిని, పొట్టలో ఆ చప్పుడేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇసబ్‌గోల్ పెద్దగా పులియదు, అందుకే దానితో గ్యాస్ తక్కువ. పేరు ఒకటే పీచు, ప్రవర్తన మాత్రం ఇంటికొకటి.

కొందరికి ఈ ఉద్యమంలో సభ్యత్వం ఇవ్వకూడదు. పొట్టకు పాత ఆపరేషన్లు జరిగి లోపల పేగులు అతుక్కున్నవాళ్లు, పేగుల టీబీ వల్లనో, క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు వల్లనో పేగు సన్నబడినవాళ్లు, ఏళ్ల తరబడి షుగరుతో జీర్ణాశయం నెమ్మదించినవాళ్లు డాక్టర్ని అడగకుండా పీచు పెంచకూడదు. కొలనోస్కోపీ రెండు మూడు రోజుల్లో ఉందంటే జామ గింజలు, చియా, అవిసె బంద్. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, అరగంటకే ఇసబ్‌గోల్ తాగితే మాత్ర ఒంటికి పట్టడం తగ్గుతుంది. కనీసం నాలుగు గంటల ఎడం పెట్టండి, లేదా పీచును సాయంత్రానికి మార్చండి. పొట్ట మెలిపెట్టే నొప్పి, వాంతులు, గ్యాస్ కూడా బయటికి పోకుండా బిగుసుకోవడం, ఇవన్నీ కలిసి వస్తే వాము నీళ్లతో ప్రయోగాలు చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇందులో వ్యంగ్యమేమీ లేదు.

మిగతా పౌరులకు మా డిమాండ్ ఒక్కటే, వారానికి 5 గ్రాముల వేగ పరిమితి. మొదటి వారం రాత్రి అన్నం బదులు ఒక జొన్న రొట్టె. అక్కడ ఆరు గ్రాములొస్తాయి, అన్నం పోయింది కాబట్టి నికరంగా నాలుగైదు. రెండో వారం మధ్యాహ్నం కూర రెట్టింపు, అన్నం సగం. మూడో వారం రోజు మార్చి రోజు అరకప్పు శనగలో అలసందలో. ఉబ్బరం వస్తే ముందుకెళ్లకుండా అదే మెట్టు మీద ఇంకో వారం ఆగాలి. బ్యాక్టీరియాకు ప్రొబేషన్ పొడిగించామనుకోండి. 30 దాటాక ఇంకా పెంచాలన్న కోరిక కలిగితే, ఆ డబ్బుతో పిల్లలకు సీతాఫలాలు కొనిపెట్టండి. చియా, ఓట్స్, ఇసబ్‌గోల్ మూడూ ఒకే రోజు వాడేవాళ్ల ఫ్లాట్ ముందు అసోసియేషన్ వాళ్లు హెచ్చరిక పలక పెట్టే విషయం వచ్చే జనరల్ బాడీలో చర్చించవచ్చు.

ఇప్పటికే 75 దగ్గర ఉండి, ఈ వ్యాసం బెల్టు వదులు చేసుకుని చదువుతున్నవాళ్లు ఇవాళ రాత్రి ఇసబ్‌గోల్ మానేయండి. ఇరవై నిమిషాలు కాలనీలో నడవండి, గ్యాస్ కదులుతుంది. రెండు రోజులు మెత్తటి తెల్లన్నం, పల్చటి మజ్జిగ, పెసరకట్టు, తొక్క తీసిన బీరకాయ. ఆ తర్వాత పైన చెప్పిన మెట్లు మళ్లీ మొదటి నుంచి. ఆఫీసులో డబ్బా తెరిచినప్పుడు "ఏంటి సార్, వైట్ రైసా?" అని ఎవరైనా ఆశ్చర్యపోతే, గట్ రీసెట్ చేస్తున్నానని చెప్పండి. మర్నాడు వాళ్ల డబ్బాల్లోనూ మజ్జిగన్నమే ఉంటుంది.